అత్తమ్మ కాలి మట్టెలు

మట్టెలు ఊడి రాలేదు. ఏళ్ల తరబడి అత్తమ్మ కాలి వేళ్లకు పట్టుకుపోయిన వెండి అది. నర్సు సబ్బు నీళ్లు రాసి తిప్పింది, నూనె రాసి తిప్పింది. కాళ్లకు వాపు వస్తే వేళ్లకు రక్తం అందదని చెప్పి, చివరికి చిన్న కట్టర్‌తో రెండు మట్టెలనూ కత్తిరించింది. వాటిని దూదిలో చుట్టి, ఐసీయూ తలుపు దగ్గర నిల్చున్న మా నాయిన చేతిలో పెట్టింది. పెడుతూ, ఆమె భర్త ఉన్నాడా అని అడిగింది.

"ఉన్నడు," అన్నాడు నాయిన.

ఆ ఒక్క మాట దగ్గర మా దారి మారిపోయింది. నాయిన అబద్ధం చెప్పలేదు. అత్తమ్మ భర్త బతికే ఉన్నాడు, యాచారం అవతల ఒక ఊళ్లో. కాని ఆమె ఆయన్ని వదిలి మా ఇంటికి వచ్చేసరికి నేను పుట్టనేలేదు. పెళ్లయి కొన్నేళ్లయినా పిల్లలు కాలేదని అత్తగారింట్లో ఒకరోజు ఆమె బట్టల మూట వాకిట్లో పెట్టారట. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. గోడకు ఆనుకుని నిల్చుని చూశాడట. కొన్నాళ్లకు తీసుకుపోదామని వచ్చాడు. అత్తమ్మ కూర్చోమని చెప్పి, మంచినీళ్లిచ్చి, తాగిన చెంబు తిరిగి తీసుకుని, ఆ రోజు లేని నోరు ఇవాళ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి పంపించేసిందని అమ్మ నాకు చెప్పింది. పంచాయితీ కాలేదు, విడాకుల కాగితం లేదు. మా వాళ్లలో ఇలాంటివాటికి కాగితాలు రాసుకోవడం తక్కువ. రాకపోకలు ఆగితే తెగిపోయినట్టే అనుకుంటారు.

కాని నర్సు ముందు, ఆ వరండాలో అంతమంది మధ్య, మా అక్క మొగుణ్ని వదిలేసిందని చెప్పడం నాయిన వల్ల కాలేదు. ఉన్నడు అనేసి ఊరుకున్నాడు. అయితే ఆయన్నే పిలిపించండి, డాక్టరమ్మ మాట్లాడాలంటున్నారని చెప్పి నర్సు లోపలికి వెళ్లిపోయింది.

అత్తమ్మ నాయినకు అక్క. ఇబ్రహీంపట్నం మార్కెట్లో చేపలు అమ్మేది. పొద్దున్నే చెరువు కట్ట కిందికి, వలలు విప్పే చోటికి వెళ్లేది. అక్కడ ఆమె చేప కొనే పద్ధతి ఒకటుంది. చేప ఒంటి మీది జిగురును కొంచెం వేలికి తీసుకుని, బొటనవేలితో చూపుడు వేలి మీద రుద్దేది. కళ్లు అప్పుడు ఎటో చూస్తుండేవి. జిగురు పలచగా జారితే తీసుకునేది, దారంలా సాగితే నిన్నటిదని పక్కకు పెట్టేది. మొప్పలు ఎత్తి చూడమని చెప్పినా వినేది కాదు. మొప్పలకు రంగు పూసే వాళ్లున్నారు, జిగురుకు ఎవడు పూస్తాడు అనేది.

నేను మనుషుల మధ్య మాట్లాడలేను. చిన్నప్పటి నుంచీ అంతే. బడి సెలవుల్లో అత్తమ్మ నన్ను మార్కెట్‌కు తీసుకుపోయి తన వెనక గోనెసంచి మీద కూర్చోబెట్టేది. నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుకునేదాన్ని. వచ్చినవాళ్లు ఈ పిల్ల ఎవరని అడిగితే, "మా కోడలు. ఆమె పుస్తకాలు తింటది, నేను చాపలు తింట. మా ఇంట్ల బియ్యం మిగుల్తయ్," అని నవ్వించేది. ఇంటికొచ్చాక అన్నాలు తిని కూర్చున్నప్పుడు కథ చదవమనేది. చదవడం మొదలుపెట్టగానే ఆపేది.

"ముందుగాల చెప్పు. సస్తరా, బతుకుతరా?"

"ముందే చెప్తే కథెట్ల అత్తమ్మా?"

"సచ్చేటిదైతే వద్దు. ఇంకోటి తియ్యి."

ఆమె మట్టెల గురించి నేను ఒకేసారి అడిగాను. డిగ్రీ చదువుతున్న రోజుల్లో అనుకుంటాను. ఆయన దగ్గరికి పోవు, ఆయన పేరెత్తవు, మరి ఇవెందుకు అని. అత్తమ్మ కొర్రమీనును బూడిదలో రుద్దుతూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఇవి లేకపోతే వచ్చిన ప్రతోడు కథ అడుగుతడు బిడ్డా. ఉంటే అడగడు. చాపకు ముండ్లు ఎందుకుంటయ్? గందుకే."

మిరుగం మర్నాడు ఆమె పడిపోయింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం మిరుగం అంటాం. ఆ రోజు చేప వండని ఇల్లు మా దగ్గర ఉండదు. తెల్లారకముందు నుంచి చీకటి పడేదాకా అత్తమ్మ చేతికి తీరిక ఉండేది కాదు. మర్నాడు పొద్దున నల్లా దగ్గర కత్తిపీట కడుగుతూ పక్కకు ఒరిగిపోయింది. కత్తిపీట ఆమె మీద పడలేదు, అదొక్కటే మంచి జరిగిందని అమ్మ చాలా రోజులు అంటూనే ఉంది. మా ఊరి దవాఖాన వాళ్లు చూసి నగరానికి తీసుకుపొమ్మన్నారు. మన్నెగూడ, తుర్కయాంజాల్ దాటుతుంటే అంబులెన్స్‌లో నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చేతికి ఇంకా చేపల వాసన ఉంది.

తలలో రక్తనాళం చిట్లిందన్నారు. గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టారు. మూడు నాలుగు రోజులు ఏదీ చెప్పలేమన్నారు. తర్వాతే మట్టెలు కత్తిరించడం, నాయిన ఉన్నడు అనడం.

ఆ మధ్యాహ్నం మా కులపెద్ద ఒకాయన చూడడానికి వచ్చాడు. నాయినకు చిన్నాయన వరస. దవాఖాన ముందు వేపచెట్టు కింద కూర్చుని సంగతి మాట్లాడుకున్నారు. అత్తమ్మ భర్తను పిలవకుండా డాక్టరమ్మతో మనమే మాట్లాడితే ఏమవుతుందని నాయిన అడిగాడు. పెద్దాయన చేతిలో ఆ దూది ఉంది. దాన్ని విప్పి మట్టెలు చూసి, మళ్లీ చుట్టాడు.

"ఇన్నేండ్లు కాళ్లకెల్లి తియ్యలే గదరా. తియ్యలేదంటే పెనిమిటి ఉన్నడనే కదా లెక్క. రేపు ఏమన్న అయితే వాళ్ల వైపోళ్లు వచ్చి మా ఆడిమనిషిని మీరే చంపుకున్నరంటే ఏం చెప్తవ్?"

నాయిన ఆ దూదిని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. చేపకు ముళ్లెందుకుంటాయో అత్తమ్మ నాకు చెప్పింది కాని నాయినకు చెప్పలేదు. అమ్మతో నేను మెల్లగా అన్నాను, ఆమె వాటిని ఆయన కోసం పెట్టుకోలేదని. అమ్మకు తెలుసట. తెలిసినా ఇక్కడ ఎట్లా చెప్తామంది. ఫోను చేశారు.

మర్నాడు ఆయన వచ్చాడు. నేను చూడడం అదే మొదటిసారి. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా, బస్సు దుమ్ము, చేతిలో జామపండ్ల సంచి. నేను ఊహించుకున్న మనిషి వేరు, ఈయన వేరు. జామపండ్లు ఎవరికివ్వాలో తెలియక కాసేపు పట్టుకుని నిల్చుని, అమ్మ చేతికిచ్చాడు. మేమెవరమూ తినలేదు. అవి బెంచీ కింద మగ్గి వాసన వచ్చేదాకా అక్కడే ఉన్నాయి.

డాక్టరమ్మ మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచింది. మాకంటే ఆమే ఎక్కువ అలసిపోయినట్టు కనిపించింది. తొందర లేకుండా చెప్పింది. మెదడులో రక్తం చాలా చోట్లకు పాకింది. మనిషి మళ్లీ లేచి మాట్లాడడం, మనల్ని గుర్తుపట్టడం జరుగుతుందని తను అనుకోవడం లేదు. అయినా గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడితే, ముక్కు గుండా ఆహారం పంపితే, మెల్లగా మిషను తీసి ఇంటికి పంపవచ్చు, అలా చాలా కాలం ఉండవచ్చు. లేదా ఇంకేమీ చేయకుండా, బాధ తెలియకుండా చూసుకోవచ్చు. రెండింటిలో ఏదీ తప్పు కాదంది. తర్వాత ఇంకో మాట అంది. మీకేం కావాలో కాదు, ఆమె ఇక్కడ కూర్చుని ఉంటే ఏమనేదో ఆలోచించి చెప్పండి అంది.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అత్తమ్మ ఏమనేది అని డాక్టరమ్మ అడిగితే, ఎవరు చెప్పాలి అన్నదాని గురించే మా వాళ్లు ఆలోచించారు. నాయిన కులపెద్ద వైపు చూశాడు, కులపెద్ద ఆయన వైపు చూశాడు, ఆయన నేల వైపు చూశాడు.

నాకు జవాబు తెలుసు. మా పక్కింట్లో ఒక ముసలామె చాలా కాలం మంచంలో ఉంది. పక్షవాతం. అత్తమ్మ అప్పుడప్పుడు చేపల పులుసు పలచగా చేసి తీసుకుపోయి తాగించి వచ్చేది. ఒకరోజు తిరిగొచ్చి, నల్లా కింద చేతులు ఎంతోసేపు కడుక్కుంది. నేను గడపలో కూర్చుని ఉన్నాను. చేతులు తుడుచుకోకుండానే నా ముందు నిల్చుని అంది.

"నన్ను గట్ల పండబెట్టొద్దు బిడ్డా. ఈ చేతులతోని పని చేసుకున్నన్ని దినాలు సాలు. ఆ తర్వాత ఒక్క దినం ఎక్కువొద్దు నాకు."

ఆ గదిలో నేను నోరు తెరిచాను. జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ మాట్లాడలేదు. "గట్ల ఉంచొద్దన్నది," అన్నాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. డాక్టరమ్మ మాత్రం నా వైపు తిరిగింది. ఎవరితో అంది, ఎప్పుడు అంది అని అడిగింది. నాతోనే అని చెప్పాను. ఎప్పుడో చెప్పలేకపోయాను. పక్కింటి ముసలామె సంగతి సగం చెప్పేసరికి కులపెద్ద అందుకున్నాడు.

"ఎవరినో చూసి అన్నదట. మనం అనమా మేడం, దినాం నూరుమాట్లు సస్తే బాగుండని అంటం. అన్న మాటలన్ని పట్టుకుంటమా? పోరి భయపడ్డది, దాన్ని బయటికి తీస్కపోండ్రి."

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. డాక్టరమ్మ ఇంకా నన్నే చూస్తోంది. నేను తల దించుకున్నాను. అప్పుడు ఆయన మొదటిసారి మాట్లాడాడు.

"అన్ని చెయ్యుండ్రి మేడం. బతికుంటే సాలు. నేను ఆమెకు ఏం చెయ్యలే. గిదన్న చేస్త."

కులపెద్ద తల ఊపాడు. నాయిన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రావలసింది, రాలేదు. అంత నిజంగా అన్నాడు ఆ మాట. కాని అది అత్తమ్మ మాట కాదు, ఆయన మాట. ఆ గదిలో అందరం దానికే తల ఊపాం.

వానలు తగ్గుముఖం పట్టేసరికి అత్తమ్మ ఇంటికి వచ్చింది. ముందు గదిలో మంచం వేశాం. గొంతు దగ్గర గొట్టం, ముక్కులో గొట్టం, మంచం పక్కన కఫం లాగే చిన్న మిషను. దాన్ని ఎలా వాడాలో దవాఖానలోనే అమ్మకూ నాకూ నేర్పి పంపారు. డిగ్రీ అయిపోయి పోటీ పరీక్షలకని ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఎక్కువ పని నాకే వచ్చింది. రాగిజావ, పప్పు నీళ్లు వడగట్టి సిరంజితో పోయడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీపుకు పౌడరు రాయడం. కళ్లు తెరిచేది. ఆ కళ్లు ఎవరి మీదా నిలిచేవి కావు. చేప జిగురు రుద్దేటప్పుడు ఎటో చూసేదే, అలాగే ఉండేవి. నేను ఆమెకు కథలు చదివాను. సచ్చేవి వదిలేసి చదివాను.

అత్తమ్మ భర్త మొదట వారానికోసారి వచ్చేవాడు. తర్వాత రెండు మూడు రోజులకోసారి. ఆ తర్వాత వచ్చి ఉండిపోయాడు. పత్తి చేను తమ్ముళ్లకు అప్పగించానన్నాడు. వాకిట్లో మంచం వేసుకుని పడుకునేవాడు. సిరంజితో జావ పోయడం నా దగ్గర నేర్చుకున్నాడు. నాకంటే మెల్లగా, నాకంటే ఓపికగా పోసేవాడు. పోస్తూ ఆమెతో మాట్లాడేవాడు. వాన పడ్డది, పత్తికి పురుగు పట్టింది, బర్రె ఈనింది. గోడకు ఆనుకుని నిల్చుని ఏమీ అనని మనిషి ఈయనేనా అనిపించేది. బహుశా ఆమె జవాబు చెప్పదు కాబట్టే అంత మాట్లాడగలిగాడేమో. అమ్మ ఆయనకు అన్నం పెట్టేది, నాయిన బావా అని పిలవడం మొదలుపెట్టాడు. నేను ఏమీ పిలిచేదాన్ని కాదు.

ఒకరోజు నేను లైబ్రరీకి వెళ్లి వచ్చేసరికి అత్తమ్మ కాళ్లకు మట్టెలు ఉన్నాయి. దూదిలో ఉన్నవాటిని ఆయన కంసాలి దగ్గరికి తీసుకుపోయి అతికించి తెచ్చాడట. అతుకు పడిన చోట వెండి కొంచెం నల్లగా ఉంది. అమ్మ బాగుంది అంది. ఆయన మంచం కాళ్ల వైపు కూర్చుని వాటినే చూస్తున్నాడు. అత్తమ్మ కాలు వెనక్కి లాక్కోలేదు. లాక్కోలేదు కదా. నేను లోపలికి వెళ్లిపోయి డైరీ తీసి, ఏమీ రాయకుండానే మూసేశాను.

ఆ చలికాలంలోనే ఆమె ఎడమ చెయ్యి కదలడం మొదలైంది. చెయ్యి అంతా కాదు, వేళ్లు. బొటనవేలు చూపుడు వేలి మీద మెల్లగా రుద్దుకునేది, ఆగేది, మళ్లీ రుద్దుకునేది. మొదటిసారి చూసినప్పుడు నా చేతిలోని గిన్నె కింద పెట్టేశాను. అమ్మను పిలిచాను. అమ్మ చూసి ఏడ్చింది. ఆయన చూసి, "చాప చూస్తున్నది," అన్నాడు. చెకప్‌కు తీసుకుపోయినప్పుడు డాక్టరమ్మను అడిగాం. మెదడులో దెబ్బ తగిలినవాళ్లలో వేళ్లు అలా వాటంతటవే కదులుతుంటాయని, దాన్ని బట్టి తెలివి వచ్చిందని అనుకోవద్దని మెత్తగా చెప్పింది. ఆమె చెప్పింది నేను నమ్మాను. ఇంటికొచ్చి అత్తమ్మ వేళ్ల మధ్య నా వేలు పెట్టాను. బొటనవేలు దాని మీద రెండుసార్లు జారింది. నమ్మకం పోయింది.

మళ్లీ మిరుగం దగ్గర పడింది. ఎండలు తగ్గకముందే ఆమెకు జ్వరం పట్టుకుంది. కఫం పచ్చగా వచ్చింది, ఊపిరి తీస్తే పక్కటెముకలు లోపలికి పోయేవి. మా ఊరి డాక్టరు ఇంటికి వచ్చి చూశాడు. ఊపిరితిత్తులకు చేరింది, నగరానికి తీసుకుపోతే మళ్లీ మిషను మీద పెడతారు, తీసుకుపోకపోతే ఇంట్లోనే ఆయాసం తెలియకుండా మందు ఇస్తాను, ఆలోచించి చెప్పండి అన్నాడు. నాయిన అంబులెన్స్ నంబరు తీసి పెట్టుకుని, బావా అని ఆయన వైపు చూశాడు.

ఆయన లేచి వాకిట్లోకి వచ్చాడు. నేను అక్కడ జావ గిన్నె కడుగుతున్నాను. నా ఎదురుగా కొంచెం దూరంలో గొంతుకూర్చున్నాడు.

"ఆ దినం దవాఖానల నువ్వేమో అన్నవ్ బిడ్డా. నాకు యినబడ్డది. యినాలనిపియ్యలే అప్పుడు. ఆమె ఏమన్నదో మొత్తం చెప్పు."

ఇన్ని నెలలు నేను ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఎవరైనా అడిగితే ఎలా చెప్పాలో లోలోపల ఎన్నోసార్లు అనుకున్నాను. తీరా అడిగేసరికి, చెప్పకుండా ఉంటే బాగుండు అనిపించింది. నెలల పాటు మేం జావ పోసిన మనిషిని, తల దువ్విన మనిషిని, నా వేలు రుద్ది చూసిన మనిషిని పోనివ్వమని చెప్పే మాట అది. దవాఖానలో ఆ మాట చెప్పినప్పుడు నాకు అనుమానం లేదు, ఎవరూ వినలేదు. ఇప్పుడు వినడానికి మనిషి ఎదురుగా కూర్చున్నాడు, నా దగ్గర ఆ నమ్మకం లేదు.

అయినా చెప్పాను. నల్లా కింద చేతులు కడుక్కోవడం, తుడుచుకోకుండా నిల్చోవడం, ఆమె అన్నది అన్నట్టే. నా వైపు నుంచి ఒక్క మాట కలపలేదు. ఆయన విని కాసేపు నేల మీద పుల్లతో గీతలు గీశాడు.

"చేతులతోని పని చేసుకున్నన్ని దినాలన్నది. మరి వేళ్లు కదుల్తున్నయ్ గద. నువ్వు సూసినవ్, నేను సూసిన."

"సూసిన."

"మరి నువ్వేమంటవ్?"

"నాకు తెల్వదు మామా. ఆమె అన్నది చెప్తున్న, అంతే."

మామా అని పిలవడం అదే మొదటిసారి. ఆయన దాన్ని గమనించినట్టు లేదు. పుల్ల పక్కన పడేశాడు. ఇంకో మాట అడిగాడు, మట్టెల గురించి. తనను వదిలి వచ్చిన ఆడది ఇన్నేళ్లు అవి ఎందుకు తీయలేదు, తన మీద కొంచెం ఏమన్నా ఉండేనా అని. నేను అబద్ధం చెప్పగలిగేదాన్ని. అది ఆయనకు ఎంత కావాలో ఆయన ముఖంలో కనిపిస్తోంది. చేపకు ముళ్లెందుకుంటాయో అత్తమ్మ చెప్పిన మాట చెప్పాను. ఆయన ముక్కుతో ఊపిరి వదిలినట్టు నవ్వాడు. "గట్లనే అంటది," అన్నాడు. 

లోపలికి పోయి, ఎక్కడికీ తీసుకుపోవద్దని నాయినకు చెప్పాడు.  నాయిన అంబులెన్స్ నంబరున్న ఫోను జేబులో పెట్టుకుని గోడ వైపు తిరిగి నిల్చున్నాడు. మామ వచ్చి మంచం కాళ్ల దగ్గర కూర్చుని, అతుకు వేయించిన మట్టెలను ఒక్కొక్కటే తీశాడు. ఈసారి సులువుగా వచ్చాయి, కాళ్లు అంతగా చిక్కిపోయాయి. నన్ను పిలిచి నా చేతిలో పెట్టాడు.

మా ఊరి డాక్టరు ఇచ్చిన మందుతో ఆయాసం తగ్గింది. రెండు రోజులు మేము ఆమె పక్కనే ఉన్నాం. నేను ఎడమ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. వేళ్లు మధ్య మధ్యలో కదులుతూనే ఉన్నాయి, కదిలిన ప్రతిసారీ నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు, ఇద్దరిలో ఎవరమూ అంబులెన్స్ మాట ఎత్తలేదు. ఒక పొద్దున, అమ్మ వాకిలి ఊడుస్తున్నప్పుడు, వేళ్లు ఆగిపోయాయి. కొంతసేపటికి ఊపిరి ఆగింది.

కులపెద్ద వచ్చి కాళ్లు చూశాడు. భర్త ఉండగా పోయిన ఆడమనిషి మట్టెలతోనే పోవాలి, అది మా వాళ్లలో పుణ్యం. మట్టెలేవని అమ్మను గట్టిగా అడిగాడు. మామ ముందుకు వచ్చాడు.

"నేనే తీసిన."

"నువ్వు తీసుడేందయ్యా? పెనిమిటివి నువ్వు బతికున్నవ్."

"ఆమె ఏ పనికి పెట్టుకున్నదో ఆ పని అయిపోయింది."

కులపెద్దకు అర్థం కాలేదు.  మట్టెలు లేకుండానే తీసుకుపోయారు.

మామ ఇప్పుడు తన ఊళ్లోనే ఉంటున్నాడు. పండగలకు జామపండ్లు పంపిస్తాడు, మేము తింటాం. ఆ నిర్ణయం గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే మంచి పని చేశామనే అంటారు. మొదటిసారే నీ మాట వినాల్సిందని నాయిన ఒకసారి అన్నాడు. అది విని నాకు ఊరట కలగాలి. ఆ నెలలన్నీ ఆమె వద్దన్న నెలలే, ఆ బాధ నాకు ఎలాగూ ఉంది. కాని దాని కింద ఇంకొకటి ఉంది, అది నాయినకు చెప్పలేను.

కథలు చదివే అలవాటున్న మనిషిని నేను. ఎవరైనా ఒక మాట అంటే దానికి ముందూ వెనకా పేర్చుకుని అర్థం చేసుకుంటాను. పక్కింటి ముసలామె మంచం చూసి వచ్చిన ఒక మధ్యాహ్నం, తడి చేతులతో అన్న రెండు మాటలు. ఆ రోజుల్లోని డైరీ పేజీలన్నీ తిరగేసి చూశాను. వాన గురించి ఉంది, చదువుతున్న పుస్తకం గురించి ఉంది. అత్తమ్మ మాట లేదు. ఆ రోజు నాకది రాసుకునేంత పెద్ద మాటగా అనిపించలేదన్నమాట. అత్తమ్మ మట్టెలు చూసి కులపెద్ద ఆమె మనసు చెప్పేశాడని నేను ఇన్నాళ్లూ ఆయన్ని తప్పుపట్టాను. నేను కూడా ఒక మాట పట్టుకుని అదే పని చేశానేమో. వేళ్ల సంగతి ఆమె ఎప్పుడూ ఆలోచించి ఉండదు. వేళ్లు మాత్రమే కదిలితే ఏం చేయాలి అని అడిగి ఉంటే ఏమనేదో. సచ్చేటిదైతే వద్దు, ఇంకోటి తియ్యి అనే మనిషి కూడా ఆమే కదా.

మొన్న మిరుగం రోజు అమ్మ చేపలు తెమ్మంటే చెరువు కట్ట కిందికే వెళ్లాను. వలలు విప్పుతున్నారు. చేపలు అమ్ముతున్న ఒకామె రవ్వ చేప ఒకటి చూపించి తాజాదే తీసుకో అంది. దాని ఒంటి మీది జిగురు కొంచెం తీసుకుని, బొటనవేలితో చూపుడు వేలి మీద రుద్దాను. కొంచెం జారింది, కొంచెం సాగింది. ఇది ఇవాళ్టిదో నిన్నటిదో నాకు తెలియలేదు. చేపలామె ఎదురుచూస్తోంది, వెనక జనం ఉన్నారు. తీసుకుంటాను అని చెప్పాను.